ఫ్రైబుర్గ్ చర్చిలో మా న్యాయదేవత

జర్మనీలో ఫ్రైబుర్గ్ పెద్ద చర్చి గుమ్మంలో ఒక రాతి స్త్రీ ఉంది. కళ్లకు గంతలు. మా ఊరు కార్ల్స్‌రూహెలోని తెలుగువాళ్లని ఏటా వసంతంలో ఒకసారి ఊళ్లు తిప్పే బాధ్యత నాది కాబట్టి, ఆవిడ న్యాయదేవత అని ఏళ్ల తరబడి నేనే ప్రకటిస్తూ వచ్చాను. మన కోర్టుల్లోనూ సినిమాల్లోనూ గంతలు కట్టుకుని నిలబడే ఆడమనిషి ఇంకెవరవుతుంది? తక్కెడ ఏదని ఎవరో అడిగితే, "రిపేరుకి ఇవ్వాలి, ఇంకా అపాయింట్‌మెంట్ దొరకలేదు" అన్నాను. ఆ నవ్వుకి గంటగోపురం అటూ ఇటూ ఊగింది. గుంటూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒక ప్లీడరు గారైతే, మంచులా ఉన్న ఆ బండల మీద బూట్లు విప్పి మరీ దణ్ణం పెట్టుకున్నారు.

ఆ నవ్వులన్నిటిలోనూ నాకు కావలసింది ఒక్కటే, మా ఆవిడది. ఇంట్లో నేను ఉప్పు అడిగినా వినపడని మనిషి, అక్కడ జనం మధ్య నేను మాట్లాడుతుంటే మాత్రం తల పక్కకి వంచి వినేది. ఆ ఒక్కరోజు కోసమే మిగతా ఏడాదంతా బతికేవాణ్ణి.

ఈ వసంతంలో మాతో ఒక డాక్టరు గారు వచ్చారు. హైదరాబాద్ ముస్లిం. నేనింకా నిక్కర్లలో ఉండగానే జర్మనీ వచ్చేసి, ఆసుపత్రి ఉద్యోగంలో రిటైరై, ఇప్పుడు తీరిగ్గా యూనివర్సిటీకెళ్లి మధ్యయుగాల చర్చి చట్టం చదువుకుంటున్నారట. ఆ వయసులోనూ నెత్తి నిండా వెండి జుట్టు. నాకు ఏ రంగుదీ మిగల్లేదు. రైల్లో ఆయన జర్మన్ విని టికెట్లు చూసేవాడు తన వ్యాకరణం సర్దుకున్నాడు. మా ఆవిడ ఏరికోరి ఆయన ఎదుటి సీట్లో కూర్చున్నప్పుడే నా కడుపులో ఒక బొగ్గు రైలు బయల్దేరింది.

గుమ్మంలో నేను గొంతు సవరించుకుని న్యాయదేవత దగ్గరికొచ్చేసరికి, ఆయన మెల్లగా అందుకున్నారు.

"భాయ్, ఏమనుకోవద్దు. ఆమె న్యాయదేవత కాదు. యూదు మతానికి గుర్తుగ చెక్కిన బొమ్మ. అటు పక్క కిరీటం పెట్టుకున్న ఆమె చర్చికి గుర్తు. యూదులకు సత్యం కనిపిస్తలేదని చెప్పనీకి ఈమెకు గంతలు కట్టిన్రు. చేతిల కర్ర కూడ ఇరగ్గొట్టిన్రు."

జనమంతా నన్ను వదిలేసి ఆయన వైపు తిరిగారు. వాళ్లు తిరిగితే తిరిగారు, మా ఆవిడ తల కూడా పక్కకి వంగింది!

"అంటే, చర్చి చట్టంలోనే యూదుల్ని అలా చూడమని ఉండేదాండీ?" అని అడిగింది.

"చట్టంల రెండు ముక్కలుండెనమ్మా. చంపొద్దు, బలవంతంగ మతం మార్చొద్దు, వాళ్ల పండుగలు చేసుకోనియ్యాలె, శ్మశానాలు ముట్టొద్దు. ఇది ఒకటి. బట్టల మీద వేరుగ కనిపించాలె, క్రైస్తవుల మీద పెత్తనం చెయ్యొద్దు, యేసును శిలువ వేసిన దినాలల్ల వీధిలకు రావొద్దు. ఇది ఇంకోటి."

"మరి జనం ఏది పాటించారు?"

"రెండోది సులువు కదమ్మా. మొదటిదాన్ని గుంపు యూదుల తలుపులు పగలగొట్టినప్పుడల్ల మరిచిపోయిన్రు."

తక్కెడ మీద నేను వేసిన జోకు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. కానీ మా ఆవిడ కళ్లు చెమర్చి ఆయన మీదే నిలిచాయి. నా ఎదుట ఆ కళ్లు చివరిసారి చెమర్చింది ఉల్లిపాయలు తరుగుతున్నప్పుడు. ఈ మనిషిని ఒక్క ప్రశ్నతో పడగొట్టకపోతే నా బతుకు వృథా అనిపించింది. విగ్రహం కేసి ఎగాదిగా చూసి, దొరికిందే అడిగాను.

"డాక్టరు గారూ, ఓడిపోయిన మనిషని చూపించదల్చుకున్న శిల్పి, గెలిచినావిడ కంటే ఈవిడ్నే ఇంత అందంగా ఎందుకు చెక్కాడంటారు?"

ఆయన కళ్లజోడు తుడుచుకుని దగ్గరికెళ్లారు. ఆ వంగిన మెడ వైపు, గంతల కింద పెదవుల వైపు చాలాసేపు చూశారు.

"నాకు తెల్వదు భాయ్. మంచి మాట అడిగిన్రు. ఇన్నేండ్ల నుంచి వస్తున్న, నేనెన్నడు ఇట్ల చూడలే."

గెలిచాను. అయినా ఓడినవాడికి ఉండాల్సిన ఏడుపు ఆయన మొహంలో చిటికెడైనా లేదు, పైగా మెరిసిపోతున్నారు!

తిరుగు రైల్లో మా ఆవిడ నా పక్కనే కూర్చుంది. "ఏవండీ, ఆ ప్రశ్న భలే అడిగారు" అంది. నా ఛాతీ రెండు సీట్లు ఆక్రమించింది. కాసేపాగి మళ్లీ అంది:

"కానీ ఆయన తెలీదన్నారు చూడండి, అంతమందిలో. ఎంత బాగా అన్నారో!"

నేను కిటికీ వైపు తిరిగి, 'నాకు తెల్వదు' అనే మాటని పెదవుల మధ్యే ఆయనలా అనిచూసుకున్నాను. నాకు నప్పలేదు.