ఎడమ లేన్ ఎందుకు ఖాళీ?

హైటెక్ సిటీలో మా ఆఫీసు క్యాంటీన్ కిటికీలోంచి ఫ్లైఓవర్ కనిపిస్తుంది. టీ తాగుతూ రోజూ చూసేదాన్ని. కుడి వైపు కార్లు ఒకదాని వెనక ఒకటి అతుక్కుని పాకుతుంటాయి. ఎడమ వైపు హాయిగా ఖాళీ. నిదానంగా వెళ్లేవాళ్లు ఎడమకు ఉండండి మొర్రో అని బోర్డులు పెడతారు. ఎవరు వింటారు? ఎందుకిలా అని నాకు బుర్ర తొలిచేసేది.

మా ఆయనది చందానగర్. బొంబాయి రోడ్డు మీద డ్రైవింగ్ నేర్చుకున్న మనిషి. అక్కడ ఎడమ అంటే బస్సు ఆగుతుంది, ఆటో అడ్డం తిరుగుతుంది, మిర్చి బండి రోడ్డెక్కుతుంది, రాంగ్ రూట్లో బైకు ఎదురొస్తుంది. డివైడర్ పక్కన చేరి పోవడమే అక్కడి పద్ధతి. సరే, ఒప్పుకున్నాను. మరి ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్టాపూ లేదు, మిర్చి బండీ లేదు కదా! అక్కడా ఈయన కుడికే. అడిగితే, "నీకెందుకే గీ పరేషాన్?" అని నవ్వేవాడు. నేను కడప దాన్ని, అంత తేలిగ్గా వదలను.

పోయిన ఎండాకాలం మా అమ్మాయికి ఎంట్రన్స్ పరీక్ష పడింది. సెంటర్ ఎక్కడో రింగ్ రోడ్డు అవతలి కొసన. నిమిషం ఆలస్యమైనా గేటు వేసేస్తారు, ఏడాది చదువూ బయటే ఉండిపోతుంది. బాచుపల్లిలో మా ఇంటి నుంచి పెందలాడే బయల్దేరాం. రింగ్ రోడ్డు ఎక్కి చూస్తే, కుడి లేన్లో ఒక కారు పెళ్లి ఊరేగింపులా కదులుతోంది. దాని వెనక పెద్ద వరస, ఆ వరసలో మేము. పక్క లేన్ కూడా నిండిపోయింది. ఎడమన మాత్రం పురుగు లేదు.

"ఎడమకు పోవయ్యా!" అన్నాను.

"ఆగు. గా కారు జరుగుతది."

"జరగదు! వాడూ నీలాంటోడే!"

వెనక సీట్లో అమ్మాయి హాల్‌టికెట్ నలిపేస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. "పిల్లకు పరీక్ష పోతే నీ కుడి లేన్ వచ్చి సీటిస్తుందా?" అని అరిచాను.

"నాన్నా, నాకు భయమైతుంది. ఒక్కసారి అమ్మ మాట విను" అంది అమ్మాయి.

ఆ గొంతు వినగానే ఇండికేటర్ వేశాడు. ఎడమ లేన్లో కారు దూసుకుపోయింది. ఆయన మాత్రం రెయిలింగ్ దూకి ఎవరో వచ్చి పడతారన్నట్టు అటే చూస్తున్నాడు. మమ్మల్ని చూసి వెనక కార్లు కూడా ఒకటొకటిగా ఎడమకు మళ్లాయి. అంత ఆత్రంలోనూ నాకు ముచ్చటేసింది.

అమ్మాయి గేటు లోపలికి పరిగెత్తింది. వెంటనే గేటు వేసేశారు. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు. చూస్తే మా ఆయన ఇంకా స్టీరింగ్ వదలకుండా ఎడమ అద్దంలోకే చూస్తున్నాడు.

"చూశావా? ఎడమ నుంచి ఏమొచ్చింది?" అన్నాను.

"ఏం రాలే." ఇంజిన్ ఆపాడు. "వస్తే నీ మీదికే వస్తది గదనే. గా దిక్కు కూసునేది నువ్వు."

ఇన్నేళ్లూ ఎన్ని కారణాలు తవ్వానో! నేను కూర్చునే సీటు ఎటుందో మాత్రం చూసుకోలేదు.

పరీక్ష అయ్యాక తాళాలు నేను తీసుకున్నాను. ఆయన నా పక్కన ఎడమ సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకోగానే నిద్రపోయాడు. రింగ్ రోడ్డు ఎక్కిన కాసేపటికి వెనక నుంచి అమ్మాయి అరిచింది.

"అమ్మా! ఎడమ లేన్ అంత ఖాళీగుంటే కుడికెందుకు పోతున్నవ్?"

"ఊరుకోవే" అన్నాను. "నాన్న పడుకున్నాడు."