మూడు కవర్లలో చుట్టిన టేపు

టెలిఫోన్ ఆఫీసులో ఆవిడను అందరూ టేపులమ్మ అనేవారు. ఇరవై ఎనిమిదేళ్లు కంప్యూటర్ టేపుల గదికి తాళాలు ఆవిడ దగ్గరే ఉండేవి. ఆ ఉద్యోగం ఇప్పించింది అక్క. అక్క అక్కడే ప్రోగ్రాములు రాసేది.

ఆ రోజుల్లో కంప్యూటర్‌కు ఇంగ్లీషు అక్షరాలు తప్ప మరొకటి తెలియదు. మన అక్షరాలూ నేర్పి తీరాలని అక్క పట్టుబట్టింది. ఇంట్లో నేల మీద గ్రాఫు కాగితాలు పరుచుకుని ఒక్కో అక్షరాన్నీ చుక్కలుగా విడగొట్టేది. చెల్లెలు గళ్లలో పెన్సిలు రుద్దేది. ఏడాదిన్నర తర్వాత ఆ చుక్కలన్నీ ప్రోగ్రాముగా ఒక టేపులోకి ఎక్కాయి, టెలిఫోన్ డైరెక్టరీ మొదటి పేజీ సొంత భాషలో అచ్చయి బయటికొచ్చింది. వేదిక ఎక్కి దండ వేయించుకున్నది మాత్రం పై అధికారి. అక్క ఆఖరి వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. మరో మూడేళ్లకు ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టింది.

"ఆ టేపులో నా పేరుందే. ప్రోగ్రాము మొదటి వరుసలోనే రాసుకున్నా. జాగ్రత్త" అంది పోయే ముందు.

గ్రాఫు కాగితాలు చెదల పాలయ్యాయి. పాత యంత్రాలను ఆఫీసువాళ్లు తుక్కు కింద తోలేసిన రోజున, టేపులమ్మ అడిగి ఆ ఒక్క టేపు ఇంటికి తెచ్చుకుంది.

ఇరవై రెండేళ్ల తర్వాత, కంప్యూటర్ల చరిత్ర రాస్తున్న ఓ మ్యూజియం పరిశోధకురాలు వెతుక్కుంటూ వచ్చింది. టేపు పేరు వినగానే ఆమె కళ్లు మెరిశాయి. ఇద్దరూ టేపు తీసుకుని మ్యూజియం పనిగదికి వెళ్లారు. పరిశోధకురాలు కవర్లు విప్పుతూ విప్పుతూ ఆగిపోయింది. టేపు నిండా తెల్లటి బూజు. చుట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

"ఇలా ఎవరు చుట్టారమ్మా?"

"నేనే. దుమ్ము పడకూడదని మూడు ప్లాస్టిక్ కవర్లు వేసి, దారంతో బిగించి కట్టాను. ఏం, తప్పా?"

పరిశోధకురాలు తల దించుకుంది. "లోపలి తేమ బయటికి పోలేదమ్మా."

నెల రోజులు ఆరబెట్టారు, తుడిచారు. యంత్రానికి ఎక్కించగానే మొదటి చుట్లు గోధుమరంగు పొడిగా రాలిపోయాయి. లోపలి చుట్లలో పదకొండు అక్షరాల చుక్కలు దక్కాయి. పేరున్న వరుస దక్కలేదు.

పుస్తకం వచ్చింది. మన అక్షరాల గురించిన పేజీలో అధికారి పేరు. అడుగున చిన్న అక్షరాల్లో, 'ఇది తన అక్క రాసిందని ఒక ఉద్యోగిని చెప్పారు' అని ఉంది.

టేపులమ్మ ఫోను చేసింది. "చెప్పారు అని రాశావేంటమ్మా? నా కళ్లతో చూశానుగా!"

"నేను నమ్ముతున్నానమ్మా. కానీ సాక్ష్యం లేదు." నసుగుతూ అంది. "ఒక మాట అడగనా? ఆ టేపు మాకిస్తారా? ఎలా దాచకూడదో కొత్తవాళ్లకు చూపించడానికి..."

"తీసుకెళ్లండి. దాచింది నేనని రాయండి" అంది టేపులమ్మ.