రాజ్యం దిద్దిన అంకెలు

తాడేపల్లిగూడెం స్టేషను రోడ్డులో గడియారాలు బాగుచేసే దేవదానానికి పని బాగా వచ్చు గానీ, చూపు కాస్త మందం. సన్నపని వచ్చినప్పుడల్లా భార్య రాజ్యాన్ని పిలిచేవాడు. ఆవిడ చెయ్యి వణకదు. వెంట్రుకంత గీత గీయమంటే వెంట్రుకంతే గీస్తుంది.

యుద్ధం రోజుల్లో గూడెం పక్కన విమానాలు దిగేవి. యుద్ధం ముగిశాక పాత ఇనుముతోపాటు విమానాల్లో బిగించే మీటర్లు కొన్ని ఊళ్లోకి వచ్చాయి. 1951లో పాతసామాన్ల వర్తకుడొకడు వాటినో బస్తాడు తెచ్చి దేవదానం కొట్లో పడేశాడు. తలుపులు మూసి చూస్తే అంకెలు పచ్చగా వెలిగాయి. రేడియం పూత అది. దేవదానం ఆ పూతను చాకుమొనతో గీకి వార్నిషులో కలిపాడు. రాజ్యం దాన్ని చేతిగడియారాల అంకెలకీ ముళ్ళకీ దిద్దేది. కుంచె వెంట్రుకలు విడిపోయినప్పుడల్లా పెదవుల మధ్య పెట్టి మొనదేర్చేది. అలా చెయ్యమని నేర్పింది దేవదానమే.

"రుచేం లేదండీ," అని నవ్వేది.

చీకట్లో వెలిగే గడియారమంటే జనానికి మోజు పుట్టింది. ఏలూరు నుంచి, అత్తిలి నుంచి, కొల్లేటి ఒడ్డున ఉన్న మండవల్లి నుంచి కూడా వచ్చేవారు. మూడేళ్ళు రాజ్యం కుంచె దించలేదు.

నాలుగో ఏట ఆవిడకు పన్ను నొప్పి మొదలైంది. ఏలూరులో డాక్టరు పన్ను పీకాడు. పుండు మానలేదు. పక్క పన్ను కదిలితే అదీ పీకాడు. తర్వాత పళ్ళు వాటంతటవే ఊడి అన్నం ముద్దలోకి రాసాగాయి. ఒకనాడు పుక్కిలిస్తే చిన్న ఎముక ముక్క బయటపడింది. మనిషి పాలిపోయింది. వాకిటి దాకా నడిస్తే ఆయాసం. రక్తం తక్కువన్నారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. దేవదానం ప్రార్థనలు చేయించాడు. కామవరపుకోట వెళ్ళి పసరు తెచ్చాడు. ఏదీ పనిచెయ్యలేదు.

ఆ రోజుల్లోనే ఏలూరులో ఫిజిక్సు చెప్పే దత్తాత్రేయులు అనే లెక్చరరు తన గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చాడు. బల్లమీద పచ్చపూత గిన్నె, మూలన దవడకు గుడ్డ కట్టుకుని కూర్చున్న రాజ్యం ఆయన కంటబడ్డారు.

"కుంచె నోట్లో పెట్టుకుంటారా అమ్మా?" అని అడిగాడు.

ఆవిడ తలూపింది. ఆయన ముఖంలో రంగు మారింది. వెంటనే వెళ్ళిపోయి, ఆదివారం ఓ గాజుపెట్టెతో తిరిగి వచ్చాడు. అందులో రెండు పల్చటి బంగారు రేకులు వేలాడుతున్నాయి. గాజుకడ్డీని పట్టుగుడ్డతో రుద్ది పెట్టె పైనున్న లోహపు బిళ్ళకు తాకించాడు. రేకులు విడిపోయి నిలిచాయి.

"వీటికి కరెంటు ఎక్కించానండి. మామూలుగా అయితే చాలాసేపు ఇలాగే ఉంటాయి. రేడియం కిరణాలు తగిలితే చుట్టూ ఉన్న గాలి ఆ కరెంటును లాగేస్తుంది. అప్పుడు రేకులు దగ్గరపడిపోతాయి," అన్నాడు.

పూత గిన్నె దగ్గరికి తెచ్చాడు. రేకులు వెంటనే వాలిపోయాయి. మళ్ళీ కరెంటు ఎక్కించి, ఊపిరిలోని తడి అడ్డురాకుండా తేమ పీల్చే మందు నింపిన గొట్టంలోంచి తనే పెట్టెలోకి ఊదాడు. రేకులు కదల్లేదు. గొట్టం రాజ్యానికి ఇచ్చాడు. ఆవిడ రెండుసార్లు ఊదేసరికి నెమ్మదిగా దగ్గరకొచ్చి అంటుకుపోయాయి.

దేవదానం భార్యకేసి తిరిగాడు. "అంటే, దాని ఊపిరిలోనా అండీ?"

"రేడియం ఎముకల్లో ఉందండీ. దాన్నుంచి పుట్టే వాయువు ఊపిరిలో బయటికొస్తోంది. రేడియం పరమాణువులు వాటంతటవే పగిలిపోతూ కిరణాలు చిమ్ముతుంటాయి. వాటిలో ఎక్కువభాగం చర్మం దాటి లోపలికి పోలేవు. మింగితే మాత్రం ఎముక రేడియాన్ని సున్నమనుకుని దాచేసుకుంటుంది. అక్కణ్ణుంచి పక్కనున్న జీవకణాలను చంపుతూనే ఉంటుంది. రక్తం పుట్టేది కూడా ఎముక మూలుగలోనే కదండీ. అమెరికాలో గడియారాలకు పూత వేసిన ఆడపిల్లలకు ఇలాగే అయిందని చదివాను."

"తీసెయ్యడానికి మందు లేదాండీ? ఎన్నాళ్ళకు పోతుందండీ?"

దత్తాత్రేయులు మందు లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. "సగం తగ్గడానికే పదహారు వందల ఏళ్ళు పడుతుందండీ."

దేవదానం ఆయన కాళ్ళ మీద పడ్డాడు. "నా ఎముక కోసి పెట్టమనండి బాబూ. నేర్పింది నేనండీ, తప్పు దానిది కాదు!"

రాజ్యం మాత్రం మెల్లగా వేరే మాట అడిగింది. "మరి గడియారాలు పెట్టుకున్నవాళ్ళకో అండీ?"

"అద్దం కింద ఉన్నంతకాలం అంత భయం లేదమ్మా. అద్దం పగిలి ఆ పొడి పిల్లల నోట్లోకి పోతేనే ప్రమాదం."

"ఏవండీ, వెళ్ళి అన్నీ తెచ్చెయ్యండి," అంది రాజ్యం భర్తతో.

దత్తాత్రేయులు మీటర్లనూ గిన్నెనూ సీసం పెట్టెలో పెట్టించి మద్రాసులో తెలిసినవాళ్ళకు అప్పగించాడు. దేవదానం భార్యను తన అప్పగారు యేసమ్మకు అప్పజెప్పి సైకిలెక్కాడు. ఒక్కో ఊరూ తిరుగుతుంటే ఇంటిదగ్గర ఏమవుతోందోనని ప్రాణం కొట్టుకునేది. మండవల్లిలో చేపలు పట్టే పెద్దింటయ్య ససేమిరా అన్నాడు. "వేకువన వల తీసేటప్పుడు ఇదే ఆధారమండీ. బాగున్నదాన్ని ఎందుకిస్తానండీ?"

అతని భార్య మరిడమ్మ ఒళ్ళో బిడ్డ ఆ గడియారాన్నే చప్పరిస్తోంది. అద్దం అంచున బీట వారి ఉంది. దేవదానం దాన్ని లాక్కుని, బిడ్డ నోరు కడగమని కేకపెట్టి, నీటిగట్టున కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి పెద్దింటయ్య ఇక అడ్డుచెప్పలేదు.

ఇంటికొచ్చి చెబుతుంటే రాజ్యం విని భర్త చెయ్యి పట్టుకుంది. అప్పటికే దవడ కదలక మాట పోయింది. 1956 వానాకాలంలో రాజ్యం చనిపోయింది. వయసు ముప్పై నాలుగు.

గడియారాలు సగం కూడా దొరకలేదు. కొందరు అమ్మేశారు, కొందరు దేవదానానికి పిచ్చి పట్టిందని నవ్వారు. అతను కొట్టు మూసేశాడు. అయినా వారానికోసారి ఏదో ఒక ఊరు వెళ్ళి, ఒకసారి కాదన్న గుమ్మంలోనే మళ్ళీ నిలబడి, "అద్దం పగల్లేదు కదండీ?" అని అడుగుతూనే ఉన్నాడు.