మనిషిని ముందుకు తీసుకురా

ఈ అరబ్బు దేశంలో, ఖైతాన్ పేటలో, మా పై వాటాలో ఉండే లాయర్ చాచా గుండె ఆగి పోయారని, మొన్న పని నుంచి రాగానే మా ఆయన చెప్పాడు. నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. కోపం తెచ్చుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

చాచాది రాయచోటి. అక్కడి కోర్టులో కొన్నాళ్లు వాదించి, ఇక్కడ ఒక వకీలు ఆఫీసులో కాగితాలు తర్జుమా చేసేవారు. సెలవు రోజున చదివేదంతా అమెరికా తొలినాళ్ల కోర్టుల గురించే. వేయించిన శనగలు నములుతూ మాకూ చెప్పేవారు.

"ఆ కాలంలో ఒక రిట్టుకు బదులు ఇంకొకటి ఏస్తే, నిజం నీ పక్కనున్నా కేసు కొట్టేసేవాళ్లు. ఒక రిట్టు మాత్రం బంగారం పాపా. మనిషిని పట్టి పెట్టుకున్నోడు ఆ మనిషిని జడ్జి ముందర నిలబెట్టల్ల. ఎందుకు పెట్టుకున్నాడో చెప్పల్ల." అంతలోనే ముఖం మాడ్చుకుని, "బానిసల కాడికొచ్చేసరికి అదీ చానాసార్లు మూగబోయింది," అనేవారు.

మా అక్క ఇక్కడే ఒక అరబ్బుల ఇంట్లో పనికి కుదిరింది. ఒప్పందం గడువు ముగిసినా ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, ఆమెను ఊరికి పంపలేదు. ఫోను కూడా లాక్కుంది. చాచా చొక్కా ఇస్త్రీ చేసుకుని నాతో బయలుదేరారు. "మాసిన చొక్కాతో పోతే మన మాట ఎవుడూ ఇనడు," అన్నారు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పొమ్మంది. అక్కడి గుమాస్తా, ఫిర్యాదు ఆమే స్వయంగా వచ్చి ఇవ్వాలన్నాడు.

"రాలేకపోతాందనే గదా సామీ మేమొచ్చింది!" చాచా తెలుగులోనే అరిచారు. తర్వాత అరబ్బీలో మర్యాదగా చెప్పారు. "ఖలాస్," అని అతను కిటికీ మూశాడు. మళ్లీ వెళ్లాం. మళ్లీ అదే మాట.

చివరికి అక్క బయటపడింది మా వల్ల కాదు. ఆ ఇంటికి కొత్త పనిమనిషి దొరికింది, అంతే. అక్కను తెచ్చి మా వీధి చివర దింపి వెళ్లిపోయారు. నేను సంబరంగా చాచాను కిందికి పిలిచాను. ఆయన అక్క తలమీద చెయ్యి పెట్టారు గాని, కోపం తగ్గలేదు.

"వదిలిపెట్టినారు, సరే. ఎందుకు పెట్టుకున్నారని ఎవురడిగినారు?"

"ఇంటికొచ్చింది గదా చాచా, ఇంగ యాల అదంతా?" అన్నాడు మా ఆయన.

టీ తాగాక అక్క లేచి వాకిలి దాకా పోయింది. తలుపు బార్లా తెరిచే ఉంది. గడప ఇవతలే ఆగి, మా వైపు తిరిగి, "కిందికి పోయి రొంతసేపు గాలికి నిలబడొచ్చునా?" అని అడిగింది.

చాచా చప్పున లేచారు. టీ గ్లాసు అలాగే పట్టుకుని, ఆమె గడప దాటేదాకా తలుపు వైపే చూస్తూ నిలబడ్డారు.