తడి ఆరని కారు

పాత కార్లు బాగుచేసి అమ్మే ఆ షెడ్డులో సీట్లు కుట్టే ఆమెను అందరూ సీట్లక్క అంటారు. వరదలో మునిగిన కారు వస్తే, కార్పెట్ కింద పాత కాగితాలు పరిచి రాత్రంతా తలుపులు మూసి ఉంచడం ఆమె అలవాటు. పొద్దున కాగితం పొడిగా ఉంటేనే కొత్త కవర్లు తొడిగేది.

ఈసారి కాగితం వేళ్లకు అంటుకుని చిరిగింది. కింద వైర్ల జాయింట్లు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి.

“అన్నా, ఇది ఇంకా ఆరలేదు. వైర్లు పాడైపోతున్నాయి.”

“రేపు దీన్ని నడిపేది నువ్వా, నేనా? నీకెందుకమ్మా,” అన్నాడు యజమాని, లోపల సెంటు కొడుతూ. “కొనేవాళ్లు వచ్చేశారు. తొడిగెయ్.”

వచ్చింది ఇన్నాళ్లూ అద్దె బండి నడిపిన డ్రైవరు, నెలలు నిండిన అతని భార్య. పేదవాడికి అమ్మే సరుకు గురించి నిజం చెప్పాలని ఈ వ్యాపారంలో ఎవరికీ తోచదు. నోరు విప్పితే రేపటి నుంచి పని ఉండదు. సీట్లక్క కవర్లు తొడిగింది.

“ఏమండీ, ఏసీ వెయ్యకుండానే సీటు ఎంత చల్లగా ఉందో,” అని భార్య మురిసిపోయింది.

కారు గేటు దాటి మలుపు దగ్గర నెమ్మదించింది. వెనక ఎర్ర లైట్లు వెలగలేదు. దాని వెనకే లారీ వేగంగా వస్తోంది. సీట్లక్క సూది పారేసి రోడ్డు మీదికి పరుగెత్తింది. ఆమె కేక లారీ హారన్‌లో కలిసిపోయింది.