వెనక బ్లాకులో ఎవరూ పడలేదు

మా బావ వెల్డింగ్ మేస్త్రి. నాది ఇస్త్రీ కొట్టు. ఇద్దరిదీ నిప్పుతోనే పని, కోపం మాత్రం మొత్తం నా వాటాకే వచ్చింది. రోజంతా కాలే పెట్టె పక్కన నిలబడేవాడు చల్లగా ఎలా ఉంటాడండీ? బావ అలా కాదు. రవ్వలు చొక్కా మీద పడుతున్నా విదిలించుకుని ఊరుకుంటాడు. ఆయన చొక్కాలన్నీ చిల్లులే. "దీన్ని ఇస్త్రీ చెయ్యమంటావా, పిండి జల్లించుకోమంటావా?" అని నేనడిగితే నవ్వుతాడు. ఆ నవ్వు చూసే మా అక్క పెళ్ళికి ఒప్పుకుంది.

ఆయనకు ఇంకో గుణం ఉంది. మాటిస్తే తప్పడు. లోకం దాన్ని మంచితనం అంటుంది. నేను జబ్బు అంటాను.

మేముండేది మునిసిపాలిటీ వాళ్ళు ఎప్పుడో కట్టించిన క్వార్టర్లలో. ముందు బ్లాకు, వెనక బ్లాకు, రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. నాలుగేసి అంతస్తులు, లిఫ్టు లేదు. మెట్ల అంచులు అరిగిపోయి నున్నగా ఉంటాయి. ఒకపక్క గోడ, ఇంకోపక్క మోకాలెత్తు పిట్టగోడ. పాత రెయిలింగ్ తుప్పుపట్టి ఎవరి చెయ్యో కోసుకుపోతే మునిసిపాలిటీ వాళ్ళే పీకేశారు. పీకడం గుర్తుంది, మళ్ళీ పెట్టడం మర్చిపోయారు. బావ వాళ్ళది వెనక బ్లాకులో మూడో అంతస్తు. నా కొట్టు ఆ మెట్ల పక్కనే. ఎవరు దిగినా, ఎవరెక్కినా నా కంట పడాల్సిందే.

అందరికంటే ఎక్కువగా దిగే మనిషి బావ వాళ్ళమ్మ. నేను అత్తయ్య అని పిలుస్తాను. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైంది. పొద్దు వాలగానే గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, నా కొట్టు ముందున్న సిమెంటు బల్ల మీద కూర్చునేది. ముందు బ్లాకు నుంచి బుట్టలల్లే ఆవిడ వచ్చేది. వాళ్ళిద్దరూ కలిశారంటే ఆ దారిన పోయేవాడెవడూ బతికి బట్టకట్టడు. ఒకడి నడక, ఒకడి జుట్టు, ఇంకొకడి కొత్త చెప్పులు, అన్నిటికీ వంకలే. మధ్యలో నాకూ వాత పెట్టేది. "ఒరేయ్, బట్ట మీద కన్నుంచు. లేకపోతే కాలరు కాల్చి కర్మ అంటావు." ఆ గంటసేపే ఆవిడ మనిషిలా ఉండేది. మిగతా రోజంతా ఆ గంట కోసం కూర్చునేది.

అలాంటి రోజుల్లో మా క్వార్టర్లలో ఒక మీటింగ్ పెట్టారు. మునిసిపల్ ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. లావుపాటి కళ్ళజోడు, మెత్తని మాట. ఆయన్ని కళ్ళజోడు సారు అనేవాళ్ళం. పెద్దవాళ్ళు మెట్ల మీద పడకుండా ఊళ్ళో ఉన్న పాత క్వార్టర్లన్నిటికీ రెయిలింగులు పెట్టాలని ఆయన ఆలోచన. కానీ కౌన్సిల్ ఊరికే నిధులివ్వదట. రుజువు కావాలట.

"రెండు బ్లాకులూ ఒకేలా ఉన్నాయి. ముందు బ్లాకులో పెడతాం. వెనక బ్లాకులో పెట్టకుండా ఏడాది చూస్తాం. ఎక్కడ ఎంతమంది పడ్డారో ప్రతి నెలా లెక్క రాస్తాం. తేడా కనపడిందంటే మీ బ్లాకుతో సహా ఊరంతా పెడతారు" అన్నాడు.

"అంటే మేం పడాలన్నమాట!" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు గానీ కాదనలేదు.

"ఒక్కటే షరతు. వెనక బ్లాకు మెట్లు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. మీరు సొంతంగా ఏది మార్చినా లెక్క చెల్లదు. అప్పుడు ఎవరికీ రావు."

సరేనన్నవాళ్ళను చేతులెత్తమన్నారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి మా బావది. ముందు బ్లాకు వెల్డింగ్ పని ఆయనకే ఇస్తామన్నారు మరి. ఏడాది తర్వాత ఊరంతా పని. అందులో ఆశ లేదని అనను. కానీ ఊళ్ళో ముసలివాళ్ళందరికీ ఆసరా దొరుకుతుందన్న మురిపెం కూడా ఉంది ఆ చేతిలో. బావను నేనెరుగుదును.

ముందు బ్లాకులో రెయిలింగ్ చూడాలి మీరు! జాయింటు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. పిడికిట్లో సరిగ్గా ఇమిడే గొట్టం, మలుపుల దగ్గర కూడా చెయ్యి వదలక్కర్లేకుండా తిప్పాడు. బుట్టలావిడ దాన్ని పట్టుకుని పైకీ కిందకీ రెండుసార్లు తిరిగి, "అబ్బాయ్, నీకు పుణ్యముంటుంది" అంది.

ఆ సాయంత్రం మా అక్క కంచం ముందు పెట్టి మరీ అడిగింది. "ఊరందరికీ పెట్టిన చేతులకు ఇంటి మెట్లు కనపడలేదా?"

"మాటిచ్చాను" అన్నాడు బావ.

"నీ మాట పట్టుకుని దిగుతుందా మీ అమ్మ?"

అత్తయ్యే కలగజేసుకుంది. "ఊరుకోవే, వాడి మొహం చూడు. కదిలే బస్సులో ఏదీ పట్టుకోకుండా టిక్కెట్లు కొట్టినదాన్ని. కదలని మెట్లు నన్నేం చేస్తాయి?"

అంతలో మా బ్లాకు నాలుగో అంతస్తు తాతగారు గోడకు మేకులు కొట్టి పొడవునా ఒక తాడు కట్టాడు. చూడ్డానికి బట్టలారేసే దండెంలా ఉన్నా, పట్టుకుంటే ధైర్యంగా ఉండేది. నెల తిరగ్గానే లెక్క రాసుకునే సర్వే అమ్మాయి వచ్చి దాన్ని చూసింది. చూసి ఆఫీసులో చెప్పక తప్పలేదు ఆ పిల్లకు. మర్నాడే కళ్ళజోడు సారు వచ్చాడు. అరవలేదు, బెదిరించలేదు. మెట్ల కింద నిలబడి దాదాపు బతిమాలాడు. "ఈ తాడు ఉంటే మీ బ్లాకును లెక్కలోంచి తీసెయ్యాలి. తీసేస్తే పోల్చడానికి ఇంకేమీ ఉండదు. ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళందరి కోసం అడుగుతున్నాను."

తాతగారు విప్పనన్నాడు. తాడు విప్పింది మా బావ. ఒక్కో మేకూ ఊడబీకి, తాడు చుట్టగా చుట్టి తాతగారి చేతిలో పెట్టాడు. "ఏడాదే కదండీ, ఎంతలో తిరుగుతుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ తలకాయ తిరుగుతుంది" అన్నాను.

ఆ వారంలోనే అత్తయ్య కాలు జారింది. పడలేదు. గోడకు జబ్బ ఆనించి ఆగిపోయింది. కేక విని నేను కొట్టు వదిలి పరిగెత్తాను. బావ పైనుంచి దూకినట్టే వచ్చాడు. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. తల్లిని పొదివి పట్టుకుని పైకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, కాళ్ళ దగ్గర కూలబడి ఒకటే మాట: "ఇక దిగకమ్మా. రెయిలింగ్ వచ్చేదాకా దిగకు. నాకోసం."

"ఏడాదంతానా?"

"నాకోసం."

కొడుకు అంతలా అడిగితే ఏ తల్లి కాదంటుంది? ఆవిడ దిగడం మానేసింది. ఆవిడ జారిందని విని తాతగారూ మానేశాడు. ఒకరిని చూసి ఒకరు, ప్రతి ఇంట్లోనూ పిల్లలు అదే చెప్పారు: "దిగకండి, ఏం కావాలన్నా మేం తెస్తాం." కొన్నాళ్ళకు మా మెట్ల మీద నెరిసిన తల కనపడితే ఒట్టు.

మొదట్లో అత్తయ్య కిటికీ వదిలేది కాదు. అక్కణ్ణుంచే నా మీద అజమాయిషీ, అక్కణ్ణుంచే బుట్టలావిడతో కబుర్లు. ఒకరు మూడో అంతస్తులో, ఒకరు బల్ల మీద, మధ్యలో వీధి వీధంతా వినేది.

"పైకి రావే, నీ మొహం చూసి ఎన్నాళ్ళైందో!"

"మీ మెట్లు ఎక్కే గుండె నాకు లేదమ్మా. నువ్వే దిగు!"

"మావాడు కాళ్ళకు తాళం వేశాడే!"

కానీ చాడీలు గొంతు చించుకుని చెప్పుకునేవి కావు కదా. రాన్రానూ మాటలు తగ్గాయి. బుట్టలావిడ రెయిలింగ్ పట్టుకుని రోజుకు నాలుగైదుసార్లు దిగి బజారంతా చుట్టబెట్టడం మొదలెట్టింది. అత్తయ్య కిటికీ దగ్గరికి రావడం మానేసింది. ఎలా ఉందని అడిగితే అక్క, "మంచం, కుర్చీ, మళ్ళీ మంచం" అనేది. బావ పనినుంచి రాగానే తల్లి కాళ్ళు ఒత్తేవాడు. "ఇంకెంత, అయిపోవచ్చింది" అనేవాడు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేదట.

ప్రతి నెలా సర్వే అమ్మాయి వచ్చి గుమ్మం గుమ్మం ఎక్కి అడిగేది: "ఈ నెల మెట్ల మీద ఎవరైనా పడ్డారా?" లేదు, లేదు, లేదు. ముందు బ్లాకులో మాత్రం ఒకటీ అరా ఉండేవి. బుట్టలావిడే ఒకసారి రెండు సంచులతో చకచకా దిగుతూ ఆఖరి మెట్టు మీద జారి మణికట్టు బెణికించుకుంది. కట్టు కట్టించుకుని వారం తిరక్కుండా మళ్ళీ బజార్లో ఉంది.

ఒకసారి ఉండబట్టలేక ఆ సర్వే పిల్లను ఆపాను. "ఏమ్మా, దిగితే కదా పడేది! ఆ ముక్క రాయవే?"

"తెలుసన్నయ్యా. ప్రతి ఇంట్లోనూ చూస్తూనే ఉన్నాను. దిగారా అని అడగమని నాకు చెప్పలేదు. పడ్డారా అనే అడగమన్నారు. పైవాళ్ళకు నోటితో చెప్పి చూశాను కూడా." ఆ పిల్ల మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

ఏడాది గడిచింది. కౌన్సిల్ హాల్లో లెక్క చదివే రోజు బావ ఉతికిన చొక్కా నా చేత ఇస్త్రీ చేయించుకుని, నన్నూ వెంటపెట్టుకుని వెళ్ళాడు. కళ్ళజోడు సారు గోడ మీద బొమ్మ వేసి చూపించాడు. రెయిలింగ్ ఉన్న బ్లాకులో కొందరు పడ్డారు. లేని బ్లాకులో ఎవరూ పడలేదు. కౌన్సిల్ అధ్యక్షుడు కుర్చీలో వెనక్కి వాలి, "పట్టుకోవడానికేమీ లేకపోతేనే జనం జాగ్రత్తగా ఉంటున్నారన్నమాట" అన్నాడు. పక్కవాళ్ళు తలలూపారు. పథకం అక్కడితో ఆగిపోయింది. ఊళ్ళో ఏ బ్లాకుకూ ఇక రెయిలింగ్ లేదు.

బావ లేచాడు. ఏదో పెద్దగా చెబుతాడనుకున్నాను. "అయ్యా, మా అమ్మ ఏడాదిగా దిగలేదండీ" అని మాత్రం అనగలిగాడు. వాళ్ళు అప్పటికే తర్వాతి విషయంలో ఉన్నారు.

బయట వరండాలో కళ్ళజోడు సారు మా ముందే నిలబడ్డాడు. తప్పించుకుపోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. "సగం ఏడాది తిరక్కముందే నాకర్థమైంది. కానీ మధ్యలో ప్రశ్న మారిస్తే లెక్క చెల్లదు. ముందు ఒప్పుకున్నది అదే."

"మరి మాకెందుకు చెప్పలేదండీ?" అని అడిగాడు బావ.

"చెబితే మీరు రెయిలింగ్ పెట్టుకునేవారు. పథకం పోయేది."

"ఇప్పుడూ పోయింది కదండీ" అన్నాడు బావ.

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. వరండా చివరిదాకా వినపడేలా తిట్టాను. బావ నన్ను రెక్క పట్టుకుని లాక్కొచ్చేశాడు.

ఇంటికి రాగానే చొక్కా కూడా మార్చుకోలేదు. తన వెల్డింగ్ షెడ్డులో ఉన్న గొట్టాలన్నీ దింపించాడు. ఇక అడ్డుచెప్పేవాడు లేడు, లెక్క చూసేవాడూ లేడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా వెనక బ్లాకు మెట్లకు కింది నుంచి పై దాకా రెయిలింగ్ నిలబడింది. తలుపులు తెరుచుకున్నాయి. ముసలివాళ్ళందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ముందు అత్తయ్యే దిగాలని ఎవరూ చెప్పకుండానే ఆగారు.

బావ మూడో అంతస్తుకు ఎక్కాడు. "రా అమ్మా. అయిపోయింది. రా."

అక్క ఆవిడకు తలదువ్వి, ఉతికిన చీర కట్టి తీసుకొచ్చింది. నేను మలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఎంత చిక్కిపోయిందో! అత్తయ్య రెండు చేతులతో గొట్టం పట్టుకుంది. కుడికాలు ముందుకు వేసి కిందికి దించబోయింది. మోకాలు వంగలేదు. ఎడమకాలు ప్రయత్నించింది. తొడ వణికింది, అంతే. ఇంకోసారి ప్రయత్నించింది. చేతుల్లో పట్టు ఉంది, కాళ్ళలో మనిషి లేదు.

మెల్లిగా పై మెట్టు మీద కూర్చుండిపోయింది.

బావ ఆవిడ ముందు వంగి వీపు చూపించాడు. "ఎక్కమ్మా, నేను దింపుతా."

"వద్దు. నేను దిగాలనుకున్నాను రా. దించమని అడగలేదు." ఆవిడ చెయ్యి బావ భుజం మీద వేసింది. "పట్టు బాగా కుదిరింది. మిగతావాళ్ళను దిగనియ్యి."

బావ గోడకు తలానించి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పైనుంచి తాతగారు రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు. ఆవిడ దగ్గరికి వచ్చి ఆగిపోయారు. వాళ్ళకు దారివ్వడానికి అత్తయ్య గోడవైపు జరిగి కూర్చుంది.