ఏలూరు వీసా శిబిరానికి గోరింటాకు చేతులతో

మా మరదలు పద్మ ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో ఒంటరిగా ఉంటుంది. భర్త పోయి కొన్నేళ్లయింది, పిల్లలు లేరు. ఈ ఆషాఢంలో ఆమె కడుపులోని గడ్డకు శస్త్రచికిత్స చేయాలని వైద్యులు నిర్ణయించారు. ఇంటికి వచ్చాక కొన్ని వారాలపాటు పక్కన ఒక మనిషి ఉండితీరాలని కూడా చెప్పారట. "అక్కను పంపండి బావగారూ. ఇంకెవరున్నా నాకు ధైర్యం చాలదు" అని పద్మ ఫోనులో నన్ను అడిగింది. తల్లి పోయేనాటికి పద్మ ఇంకా బడికి కూడా వెళ్లని పిల్ల. ఆమెకు జడ వేయడం మొదలు పెళ్లిచూపులకు చీర కట్టడం వరకు అన్నీ నా భార్య వరలక్ష్మే చూసుకుంది. కనుక వెళ్లాలా వద్దా అన్న చర్చ మా ఇంట్లో జరగలేదు. తాడేపల్లిగూడెంలో ఉన్నత పాఠశాల తెలుగు ఉపాధ్యాయుడిగా పదవీవిరమణ చేసిన నేను ఈ రెండు రోజుల ప్రయాణాన్ని వ్రాయడానికి కారణం ఒక్కటే. మన వైపు నుంచి వీసాకు వెళ్లే ఏ ఇల్లాలికీ ఇలా జరగకూడదు.

వీసా దరఖాస్తును ఇంటి నుంచే ఆన్‌లైనులో నింపవచ్చు. వేలిముద్రలకు మాత్రం మనిషి స్వయంగా వెళ్లాలి. సాధారణంగా ఇందుకు పెద్ద నగరాలకు పోవాలి. మా అదృష్టం కొద్దీ వీసా కేంద్రం వారు ఏలూరులో ఒక హోటలు హాలును అద్దెకు తీసుకుని రెండు రోజుల శిబిరం పెట్టారు. మొదటి రోజు ఉదయం పదిన్నరకు మాకు సమయం దొరికింది. అది తప్పితే హైదరాబాదే గతి, అక్కడ దొరికే తేదీలన్నీ పద్మ ఆపరేషను తరువాతివే. పింఛను పత్రాలు, బ్యాంకు వివరాలు, పద్మ పంపిన ఆహ్వానం, ఆసుపత్రి ధ్రువపత్రం, అన్నిటినీ నేనే వరుసలో అమర్చాను. పొలం పత్రాలకు ఇంగ్లీషు అనువాదం దగ్గరుండి చేయించి, ప్రతి వాక్యాన్నీ సరిచూశాను.

ఏలూరు ప్రయాణానికి మూడు రోజుల ముందు వరలక్ష్మి అన్నగారి భార్య కనకదుర్గ, వదినగారిని సాగనంపడానికి ముదినేపల్లి దగ్గరి వారి ఊరి నుంచి వచ్చింది. పెరట్లో కోసిన గోరింటాకు ఒక సంచి నిండా తెచ్చింది. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోని ఆడవారు మా వైపు అరుదు. రోట్లో మెత్తగా రుబ్బి, అరచేతి నడుమ చందమామను దిద్ది, పది వేళ్లకూ మొదటి కణుపు దాకా టోపీల్లా తొడిగింది. "దూరదేశం వెళ్లే చెయ్యి తెల్లగా ఉండకూడదు వదినా. అక్కడ పద్మ చూసి మురిసిపోవాలి" అంది. తెల్లవారేసరికి వేళ్లు ఎర్రగా, గోళ్ల మొదళ్ల దగ్గర నల్లగా పండాయి. నేను కూడా చూసి బాగుందన్నాను.

ఏలూరుకు రైలులోనూ బస్సులోనూ తేలికగా వెళ్లవచ్చు. కాగితాలు వానకు తడుస్తాయన్న భయంతో నేను రెండు వేల ఐదు వందలకు కారు మాట్లాడాను. ఏడు గంటలకు బయలుదేరాము. దారి పొడవునా కాలువలు నిండుగా ఉన్నాయి, పొలాల్లో నాట్లు సాగుతున్నాయి. ఉంగుటూరు దాటాక రోడ్డు పక్క పాకలో పెసరట్టు తిన్నాము. అట్లు పోసే ఆవిడ డబ్బు తీసుకుంటూ వరలక్ష్మి చేతులు చూసి, "ఎంత బాగా పండాయండీ. మాకు ఎంత రుబ్బినా ఇంత ఎరుపు రాదండీ" అంది. డ్రైవరు సత్తిబాబు నవ్వి, "మాస్టారి ఇంటి గోరింటాకు కదమ్మా, తప్పు లేకుండా పండుద్ది" అన్నాడు. వరలక్ష్మి సిగ్గుపడుతూ చేతులు కొంగులో దాచుకుంది. తొమ్మిదిన్నరకే ఏలూరు చేరాము.

శిబిరం చల్లగా, శుభ్రంగా ఉంది. కాగితాలు చూసిన అధికారి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నాకు లోలోపల గర్వం కలిగిన మాట నిజం. తరువాత వరలక్ష్మిని వేలిముద్రల బల్ల దగ్గరకు పిలిచారు. అక్కడి అమ్మాయి నాలుగు వేళ్లు మెషీను అద్దం మీద పెట్టమంది, తుడిచి మళ్లీ పెట్టమంది, చెయ్యి మార్చి చూసింది. తెర మీద గీతలకు బదులు నల్లటి మచ్చలే కనబడ్డాయి. చివరకు ఆ అమ్మాయి తలెత్తి, "గోరింటాకు వల్ల గీతలు అందడం లేదండీ, అమ్మగారూ. వేళ్లకు పెట్టుకోకూడదని సూచనల్లో ఉందండీ" అంది.

సూచనల్లో ఉన్నమాట వాస్తవమే. కాగితాలకు సంబంధించిన భాగాన్ని నేను మూడుసార్లు చదివాను. చేతుల గురించిన భాగం దాని తరువాతి పుటలో ఉంది. పత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయి కదా అని అధికారితో వాదించబోయాను. ఆయన మర్యాదగానే విన్నాడు. "మీ అంత పద్ధతిగా కాగితాలు ఎవరూ తేలేదండీ మాస్టారూ. కానీ మాకు కావలసినవి ఆవిడ వేళ్లండీ" అన్నాడు. మర్నాడు సాయంత్రం నాలుగు వరకు శిబిరం ఉంటుందని, మళ్లీ వస్తే తప్పక ప్రయత్నిస్తామని చెప్పాడు.

అప్పటికే తన ఊరికి తిరిగి వెళ్లిన కనకదుర్గ వార్త తెలిసి వెంటనే ఫోను చేసింది. నాతో ఎప్పుడూ తల వంచుకుని మాట్లాడే మనిషి ఆ రోజు గట్టిగానే అంది: "ఇంటికి తీసుకెళ్లకండి అన్నయ్యగారూ, నా దగ్గరకు తీసుకురండి. నేను పెట్టింది నేనే తీస్తాను."

సత్తిబాబుతో మరో మూడు వేలకు ఒప్పందం కుదుర్చుకుని కైకలూరు రోడ్డు పట్టాము. కొల్లేటి మీదుగా పోయే ఈ దారి చూడదగినది. వంతెనకు రెండు వైపులా గుర్రపుడెక్క పచ్చగా పరచుకుని ఉంటుంది, ఆపైన కనుచూపు మేర చేపల చెరువులే. పక్షుల కోసం వచ్చేవారు చలికాలంలో రావాలి. మేము వెళ్లిననాడు కొంగలు తప్ప ఏమీ కనబడలేదు. ఏలూరు నుంచి ముదినేపల్లికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో వరలక్ష్మి ఒక్కసారే మాట్లాడింది, పద్మకు ఇప్పుడే చెప్పవద్దని.

కనకదుర్గ అప్పటికే నిమ్మకాయలు కోసి, చింతపండు నానబెట్టి ఉంచింది. ఉప్పు, వంటసోడా, కొబ్బరి పీచు అన్నీ అరుగు మీద సిద్ధంగా ఉన్నాయి. ఇరుగుపొరుగు ఆడవారు తలా ఒక ఉపాయం చెప్పారు. మొదట నిమ్మరసంతో రుద్దారు. రంగు కాస్త తగ్గినట్టు కనిపించగానే అందరికీ ఉత్సాహం వచ్చింది. పీచు అయిపోయాక మడమలు రుద్దుకునే రాయి తెచ్చారు. చేపల చెరువు మీద నుంచి వచ్చిన కనకదుర్గ భర్త, మా బావగారు, చూసి, "వదిలెయ్యండర్రా. చేపకు పొలుసు తీసినట్టు తీస్తున్నారు" అని కసిరారు. కనకదుర్గ చేయి ఆపింది. వరలక్ష్మే మళ్లీ చేతులు చాపి, "ఇంకొంచెం వదినా. నాకేం మంటగా లేదు" అంది. మంటగా ఉన్నదని ఆమె కళ్లు చెబుతూనే ఉన్నాయి. నేను కూడా వద్దనలేదు. ఎరుపు తగ్గుతున్నదా లేదా అన్నదొక్కటే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు కనకదుర్గ కూడా మాతో ఏలూరు వచ్చింది. అదే అమ్మాయి బల్ల దగ్గర ఉంది. వరలక్ష్మి వేళ్లను చూసి ఆమె అద్దం మీద పెట్టమనడానికే సంకోచించింది. రంగు సగానికి సగం పోయింది. దానితోపాటు చర్మం కూడా లేచిపోయింది. రెండు వేళ్ల కొసలు పచ్చిగా ఉన్నాయి. ఎంత ప్రయత్నించినా బొటనవేళ్లు తప్ప మిగిలినవి పడలేదు.

"ఇంత రుద్దారేంటండీ?" అని ఆ అమ్మాయి బాధగా అడిగింది. "రాత్రి మాకు ఇంకో మెషీను వచ్చిందండీ. పొద్దున పెంటపాడు నుంచి ఒకావిడ ఇలాగే గోరింటాకుతో వస్తే, దాని మీద చక్కగా పడ్డాయి. రంగుంటే ఎలాగోలా చూద్దుమండీ. చర్మమే లేకపోతే మేమేం చేస్తాం? మానేదాకా ఆగాలండీ."

మెట్లు దిగుతుండగా కనకదుర్గ గోడకు ఆనుకుని ఏడ్చింది. వరలక్ష్మి తన వేళ్లు తగలకుండా మణికట్టుతో ఆమె భుజం నిమిరి, "నువ్వు పెట్టకపోతే నేనే పెట్టుకునేదాన్ని వదినా. ఆషాఢం కదా" అంది.

ఆపరేషను ముందురోజు పద్మ వీడియో కాల్ చేసింది. వీసా సంగతి అప్పటికే చెప్పాము, కారణం మాత్రం ఏదో సాంకేతిక ఇబ్బంది అన్నాము. అక్క గోరింటాకు పెట్టుకున్నదా అని పద్మ అడిగింది. వరలక్ష్మి అరచేతిని ఫోనుకు బాగా దగ్గరగా పెట్టింది, చందమామ ఒక్కటే కనబడేటట్టు. పద్మ చాలాసేపు చూసింది.

శస్త్రచికిత్స సవ్యంగా జరిగింది. జీతానికి కుదిరిన మనిషి రోజుకు రెండు పూటలు వచ్చి చూసి వెళ్లేది. వేళ్లు మానాక హైదరాబాదులో మాకు తేదీ దొరికింది, ఆ మాట చెప్పాలని వరలక్ష్మి ఎంతో ఆత్రంగా ఫోను చేసింది. "ఇప్పుడెందుకులే అక్కా, అంత ఖర్చు" అంది పద్మ. "మొదటి వారం లేవలేకపోయాను. నిన్ను తలచుకుని ఏడ్చాను. ఇప్పుడు నా అంతట నేనే లేస్తున్నాను." ఆమె దెప్పలేదు, ధైర్యం చెప్పడానికే అన్నది. అయినా వరలక్ష్మి ఫోను పెట్టేసి, హైదరాబాదు తేదీ ఉన్న కాగితాన్ని మడిచి మిగతా పత్రాల అడుగున పెట్టేసింది.

దీనికి ఎవరిని తప్పుపట్టాలో ఇప్పటికీ నాకు తెలియదు. గోరింటాకు పెట్టినప్పుడు కనకదుర్గ మనసులో ఉన్నది పద్మే. దానిని రుద్ది తీసినప్పుడూ ఆమె మనసులో ఉన్నది పద్మే. బాగు చేద్దామన్న తొందరలో మేము ఒక్క రాత్రి ఊరుకోలేకపోయాము. ఊరుకుని ఉంటే వరలక్ష్మి ఆ మొదటి వారం లీడ్స్‌లో ఉండేది. ఈ ఆలోచన నన్ను రోజూ ఒకసారైనా పలకరిస్తున్నది.

వీసాకు వెళ్లబోయే వారికి నేను చెప్పగలిగినది ఇది. వేలిముద్రలు ఇచ్చే ముందు కనీసం మూడు వారాలపాటు వేళ్లకు గోరింటాకు దూరంగా ఉంచండి. ఒకవేళ అప్పటికే పెట్టుకుని ఉంటే ఆ చేతులను రుద్దకండి. ఉన్నవి ఉన్నట్టుగానే తీసుకువెళ్లి అద్దం మీద పెట్టండి.